రిజిస్టర్‌లో ఇరికించిన ‘ల’

మన స్కూలు ఎలా ఎదిగిందో నాలుగు పేజీలు రాసిమ్మని ఇప్పటి ప్రిన్సిపాల్ అమ్మగారు అడిగారు. కొత్తగా చేరిన టీచర్లకు పంచుతారట. మొదట భవనాల గురించి రాశాను. రేకుల షెడ్డు, తర్వాత పెంకుటిల్లు, తర్వాత రెండంతస్తులు, లైబ్రరీ, కంప్యూటర్ గది. చదువుకుంటే కాంట్రాక్టరు రాసిన బిల్లులా ఉంది. చించేశాను. ఈ స్కూలు ఎదగడంలో నాకు బాగా తెలిసిన సంగతి ఒక అక్షరం. దాన్ని రిజిస్టర్‌లో ఇరికించింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బచేలీలో పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గనుల కంపెనీలో చేరాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, వీధిలో హల్బీ. అమ్మ పలక మీద ముందు తెలుగు దిద్దించాకే హిందీ దిద్దించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

భోపాల్‌పట్నం నుంచి తర్లగూడ వెళ్ళే దారిలో మా చర్చి ట్రస్టు ఒక బడి పెట్టిందని తెలిసి ఉద్యోగానికి వచ్చాను. బడి అంటే ఒక రేకుల షెడ్డు. పందొమ్మిది మంది పిల్లలు. పొద్దున్నే ఒక ప్రార్థన, ఒక పాట, తర్వాత లెక్కలు. ప్రార్థనకు కూర్చోవడం ఇష్టంలేని పిల్లలు బయట మొక్కలకు నీళ్ళు పోసేవాళ్ళు. ఎవరినీ బలవంతపెట్టకూడదని మా చైర్మన్ పాస్టరుగారు మొదటి రోజే చెప్పారు. అందుకో ఎందుకో మా మొక్కలు మాత్రం ఏపుగా పెరిగాయి.

ఆ ఏడాదే లోపలి ఊళ్ళు చెదిరిపోయాయి. అటు అడవిలోని తుపాకులు, ఇటు పోలీసుల తుపాకులు, ఎవరి భయం వాళ్ళది. కుటుంబాలు కుటుంబాలు రోడ్డు పక్కకొచ్చి తడికెలు కట్టుకున్నాయి. భూమి కాగితాలు ఇళ్ళలో ఉండిపోయాయి, ఇళ్ళు అక్కడ ఉండిపోయాయి. ఆ పిల్లలంతా మా షెడ్డులోకి వచ్చారు. ఎక్కువమంది దోర్ల అనే గిరిజన తెగవాళ్ళు. వాళ్ళ మాట చెవినపడితే నాకు మా మాటలాగే అనిపించేది. సగం అర్థమయ్యేసరికి మొత్తం తెలిసినట్టు అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

దాఖిల్-ఖారిజ్ అని ఒక పెద్ద రిజిస్టర్ ఉంటుంది. పిల్లవాడు బళ్ళో చేరిన తేదీ, తండ్రి పేరు, కులం, వదిలిపెట్టిన తేదీ, అన్నీ అందులో ఎక్కుతాయి. హిందీలో రాయాలి. నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాకే అప్పగించారు. ఒకరోజు ఒక తండ్రి తన కూతుర్ని ఒకటో తరగతిలో చేర్పించడానికి వచ్చాడు. పిల్ల రెండు జడలు వేసుకుని, నా బల్ల మీది రబ్బరు ముద్ర వైపు ఆశగా చూస్తోంది. కులం దగ్గరికొచ్చేసరికి నేను అడక్కుండానే ‘దొర’ అని రాసేశాను. భద్రాచలం వైపు కోయవాళ్ళను గౌరవంగా దొర అని పిలవడం చిన్నప్పుడు విన్నాను. వీళ్ళూ వాళ్ళూ ఒకటే కదా అనుకున్నాను. హిందీలో కురచ ‘ఒ’ లేదు కాబట్టి అది ‘దోరా’ అయి కూర్చుంది.

రాసింది పైకి చదివాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“మేం దొరలం గాదు సారూ. దోర్లోళ్ళం.”

“రెండూ ఒకటేనయ్యా.”

“ఒకటెట్లయితది? దొరలంటే మీరు. మేం దోర్లోళ్ళం.”

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. “దొర అంటే గౌరవంరా బాబూ, నీకు మంచే చేశాను” అన్నాను.

“గౌరవమేంది సారూ, ఉన్నది రాస్తె సాలదా?” అన్నాడతను.

నేను పేజీ తిప్పేశాను. ఆ రిజిస్టర్ నా చేతిలో ఉన్న మూడేళ్ళలో చేరిన దోర్ల పిల్లలందరికీ అదే మాట రాశాను. ఒకసారి రాశాక మార్చడం చిన్నతనంగా అనిపించింది. అతను చెప్పాడు, నేను విన్నాను, అయినా మార్చలేదు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

బడి పెరిగింది. ఎనిమిదో తరగతి వచ్చింది, పదో తరగతి వచ్చింది, పన్నెండూ వచ్చింది, హాస్టల్ వచ్చింది. ఒక మూల గదిలో మందుల బీరువా, ఒక మంచం పెట్టి డిస్పెన్సరీ అన్నాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు జ్వరమొస్తే అక్కడికే వచ్చేవాళ్ళు. నేను ప్రిన్సిపాల్‌నయ్యాను. ట్రస్టుకు విదేశాల్లో ఉన్న స్నేహితులు పుస్తకాలు పంపారు, టీచర్లను పంపారు. చివరికి బోర్డు మీద ‘ఇంటర్నేషనల్ స్కూల్’ అని రాయించాం. మా హిందీ మాస్టారు జగదల్‌పూర్ మనిషి, గొప్ప వేళాకోళం. “బాగుంది సర్ జీ. ఇటు పోతే తెలంగాణ, ఇంద్రావతి దాటితే మహారాష్ట్ర. మన మేకలు రోజూ ఇంటర్నేషనల్‌గానే మేస్తున్నాయి” అన్నాడు.

నేను మాత్రం వేళాకోళంగా తీసుకోలేదు. విదేశీ పరీక్షల బోర్డు గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాం. తనిఖీ బృందం జూలైలో వస్తామంది. నేను టై కట్టుకోవడం మొదలుపెట్టాను. గేటు పక్కనున్న పాత రేకుల షెడ్డు చూపుకు బాగాలేదని కూలగొట్టించాలని కూడా నిర్ణయించాను.

ఆ ఎండాకాలమే రెండు జడల పిల్ల పన్నెండో తరగతి పాసైంది. మా బళ్ళో ఒకటి నుంచి పన్నెండు దాకా చదివిన మొదటి దోర్ల అమ్మాయి. జగదల్‌పూర్‌లో నర్సింగ్ చదవాలని ఆమె కోరిక. మార్కులు సరిపోయాయి. గిరిజన కోటాలో సీటు దాదాపు ఖాయం. కౌన్సెలింగ్ నాటికి కుల ధ్రువపత్రం చూపించాలి, అంతే.

తహసీల్ ఆఫీసులో పాత భూమి కాగితం అడిగారు. లేదు. తండ్రి చదువుకున్న బడి రిజిస్టర్ అడిగారు. ఆయన బడికే వెళ్ళలేదు. మిగిలింది మా దాఖిల్-ఖారిజ్. ఆ కుటుంబం ఎవరో చెప్పే కాగితం ఈ లోకంలో అదొక్కటే. నకలు తీసిమ్మని తండ్రీ కూతుళ్ళు నా గదికొచ్చారు.

రిజిస్టర్ తెరిచాను. ‘దోరా’. ప్రభుత్వం జాబితాలో ‘దోర్లా’ ఉంది. ‘దోరా’ లేదు.

“రేపు రండి” అన్నాను.

వాళ్ళు వెళ్ళాక తలుపు వేసుకుని ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. సరిచేయడానికి పద్ధతి ఉంది. తప్పు జరిగిందని ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా ఒప్పుకుని విద్యాశాఖకు దరఖాస్తు పెట్టాలి. ఒక్క పేరు కాదు, నలభై పేర్లకు పైగా ఉన్నాయి. తనిఖీ బృందం వచ్చే ముందు నలభై తప్పులు ఒప్పుకుంటే నా టై సంగతేంటి? హిందీలో దోరాకూ దోర్లాకూ తేడా ఒక్క అక్షరం. ‘ర’ పక్కన దీర్ఘం ఉంది. రెంటికీ నడుమ ఒక నూలిపోగంత సందు ఉంది.

నీలం పెన్ను తీసి ఆ సందులో ఒక ‘ల’ ఇరికించాను.

పట్టపగలు, ఫ్యాను తిరుగుతుండగా, పన్నెండేళ్ళుగా పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పిన నోరు మూసుకుని చేశాను. పిల్ల మేలు కోసమే కదా అని కూడా అనుకున్నాను. దొర అని రాసినప్పుడు కూడా వాళ్ళ మేలు కోసమే అనుకున్నాను.

మర్నాడు నకలు తీసి వాళ్ళ చేతికిచ్చాను. వారం తిరక్కుండా తహసీల్ ఆఫీసు అసలు రిజిస్టర్ పంపమంది. పంపాను. అక్కడి గుమాస్తా ఆ పేజీ చూడగానే పట్టేశాడు. పై వరసలో దోరా, కింది వరసలో దోరా, మధ్యలో ఒక్కటే దోర్లా. చుట్టూ ఇంకు వెలిసిపోయింది, ‘ల’ మాత్రం నిగనిగలాడుతోంది. రికార్డు దిద్దారు కాబట్టి దరఖాస్తు నిలిపివేస్తున్నామని కాగితం వచ్చింది. తండ్రిని కూర్చోబెట్టి ఎవరిచేత దిద్దించావని అడిగారట. కేసవుతుందని కూడా అన్నారట.

ఈ సంగతి నాకు ఆ తండ్రే వచ్చి చెప్పాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“సారూ, ఒక మాట అడుగుత. గా పుస్తకం మా చేతికి ఎప్పుడన్న ఇచ్చిండ్రా?”

“లేదు.”

“మరి నేనెట్ల దిద్దిన్నంటరు?”

“కనుక్కుంటాను” అన్నాను.

కనుక్కోవడానికి ఏముంది? అతను నా ముఖం వైపు కాసేపు చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అతనికి అప్పుడే అర్థమైందని నా అనుమానం. అర్థమైనా అడగలేదు. అడిగి ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి, కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను నోరు విప్పలేదు. రంగులు వేయించాను, స్వాగత గీతం సాధన చేయించాను. నా గది కిటికీలోంచి చూస్తే ఆ అమ్మాయి డిస్పెన్సరీ ముందు కూర్చుని పిల్లల మోకాళ్ళకు మందు రాస్తూ కనిపించేది. సెలవుల్లో ఆ పని తనకు తానే పెట్టుకుంది. నేను కిటికీకి పరదా కట్టించాను. తనిఖీ కోసమని ఆఫీసులో చెప్పాను.

పదో రోజున హిందీ మాస్టారు వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆఫీసు నుంచి తిరిగొచ్చిన రిజిస్టర్ అతని చేతిలో ఉంది. ఆ రోజు వేళాకోళం లేదు.

“సర్ జీ, యే ‘ల’ తో ఆప్‌కా హై.”

“నాదని ఎలా చెప్తారు?”

“మీ హిందీ ‘ల’ ముడి తెలుగు ‘ల’లాగా గుండ్రంగా చుట్టుకుంటుంది. ఈ బ్లాకులో హిందీ అలా రాసేది మీరొక్కరే. పన్నెండేళ్ళుగా మీ చేతిరాత చదువుతున్నాను.”

అమ్మ పలక గుర్తొచ్చింది. ఆ చుట్టు ఆవిడ నేర్పిందే. నేను తల వంచుకున్నాను. సిగ్గుతో పాటు ఇంకోటి కూడా కలిగింది, చెప్తే నమ్మరు. పీక మీంచి ఎవరో చెయ్యి తీసినట్టయింది.

“ఎవరికైనా చెప్పారా?” అన్నాను.

“లేదు. మీరే చెప్తారేమోనని నాలుగు రోజులు చూశాను. ఆ పిల్ల నాకూ స్టూడెంటే సర్ జీ.”

అతను వెళ్ళాక పాస్టరుగారికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను. తనిఖీ అయ్యేదాకా ఆగి ఆ తర్వాత అన్నీ సరిచేద్దామని నా ఉద్దేశం. ఆయన చేత ఆ మాట అనిపిస్తే తప్పు ఇద్దరిదీ అవుతుంది. అంతా విని ఆయన ఒకటే అడిగారు.

“ఆ అమ్మాయి కౌన్సెలింగ్ తనిఖీకి ముందా, తర్వాతా?”

“ముందేనండి. ఇంకా ఎనిమిది రోజులుంది.”

“అలాంటప్పుడు నన్నేమడుగుతున్నారు?” అని ఫోన్ పెట్టేశారు.

కాగితాలు లేనివాళ్ళ విషయంలో గ్రామసభ తీర్మానం చేసి ఫలానావాళ్ళు మావాళ్ళేనని చెప్తే అది చెల్లుతుంది. అయితే రిజిస్టర్ మీద అనుమానం ఉన్నంతకాలం ఎవరూ ముందుకు కదలరు. అంటే నేను సభలో నిలబడి చెప్పాలి. పంచాయతీ భవనానికి మరమ్మతు జరుగుతోంది. సభ ఎక్కడా అంటే పటేలు, అంటే ఊరిపెద్ద, మా రేకుల షెడ్డులో పెడదామన్నాడు. అది ఇంకా కూలలేదు. మనుషులు దొరక్క ఆలస్యమైంది.

ఆ రోజు షెడ్డు నిండిపోయింది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు, పిల్లలు కిటికీలకు వేలాడుతూ. మొదటి రోజుల్లో నేను వేయించిన నల్లబల్ల ఇంకా గోడకే ఉంది. ఆ అమ్మాయి తల్లి పక్కన, తలుపు దగ్గర కూర్చుంది. నేను లేచి హిందీలో మొదలుపెట్టాను. ఆఫీసు భాష అయితే తప్పు కాస్త పొడవుగా, మెత్తగా వినపడుతుందని కాబోలు. రెండు వాక్యాలు కాకముందే పటేలు చెయ్యెత్తాడు.

“ఏంది సారూ, తప్పు తెలుగుల జేసి హిందీల చెప్పుతున్నవేంది?”

షెడ్డంతా గొల్లుమంది. నా టై నాకే బిగుసుకున్నట్టయింది. విప్పి జేబులో పెట్టుకున్నాను. తెలుగులో చెప్పాను. దొర అని రాసింది నేనే. కాదని ఈయన చెప్పినా వినలేదు. ‘ల’ ఇరికించింది కూడా నేనే. వీళ్ళ మీద నింద పడుతుంటే తొమ్మిది రోజులు చూస్తూ ఊరుకున్నాను.

వెనక నుంచి ఒక ముసలావిడ లేచింది. ఆమె మనవళ్ళు ముగ్గురు మా బళ్ళోనే.

“మా ఇంటోళ్ళని గూడ దొరలని రాసినవా?”

“రాశానమ్మా.”

“నన్ను గూడనా?”

“నీ మనవళ్ళను రాశాను. అంటే నిన్ను కూడా రాసినట్టే.”

“అయితె దొరసానికి నిలబడి జవాబు చెప్పు, కూసోకు” అంది.

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ అమ్మాయి తండ్రి మాత్రం నవ్వలేదు. అతను నెమ్మదిగా లేచాడు.

“నేను ఆ దినమే చెప్పిన. నువ్వు నవ్వినవ్. నవ్వినందుకు నాకు బాద లేదు సారూ. నా బిడ్డ ముంగట నన్ను దొంగన్నరు. గప్పుడు నువ్వు లెవ్వు. గదీ నా బాద.”

చేతులు జోడించాను. “సరే, ఇగ రాయి” అన్నాడతను.

పటేలు రిజిస్టర్ తెప్పించాడు. నలభై పైచిలుకు పేర్లూ నేను ఒక్కొక్కటే చదవాలి, ఆ ఇంటివాళ్ళు లేచి తామెవరో తమ నోటితో చెప్పాలి, నేను కాగితం మీద రాసి మళ్ళీ చదివి వినిపించాలి. ఎండ తిరిగేదాకా సాగింది. కొందరు ఊరు వదిలిపోయారు, వాళ్ళ తరఫున పాలివాళ్ళు లేచారు. నేను ఆ పేర్లన్నీ ఎన్నోసార్లు హాజరుపట్టీలో పిలిచాను. ఆ మాట వాళ్ళ నోటి నుంచి వినడం మాత్రం అదే మొదటిసారి. ‘దోర్ల’ అనడంలో వాళ్ళ నాలుక ఒక చోట ఆగి తిరుగుతుంది. ఆ ఆగడాన్నే నేను పన్నెండేళ్ళ కిందట మింగేశాను.

తీర్మానం కింద సంతకాలు, వేలిముద్రలు అయ్యాక పటేలు ఒక శిక్ష వేశాడు. షెడ్డు కూలగొట్టవద్దు. “మా పేర్లు చెడిందీ ఈడనె, మంచిగయిందీ ఈడనె. ఇది ఉండాలె.”

మర్నాడే తండ్రినీ కూతుర్నీ తీసుకుని తహసీల్ ఆఫీసుకు వెళ్ళాను. అధికారిణి చిన్న వయసావిడ, నా మొదటి బ్యాచ్ పిల్లలకన్నా ఓ పదేళ్ళు పెద్దదేమో. నా వాంగ్మూలం తానే రాసుకుంది. “చదువుకున్నవారు మీరే ఇలా చేస్తే ఎలా సర్?” అంది. విద్యాశాఖకు నా మీద నివేదిక పంపింది. నాకు లిఖిత హెచ్చరిక వచ్చింది. ట్రస్టు అడక్కముందే నేను ప్రిన్సిపాల్ పదవి వదిలేశాను. పాస్టరుగారు తనిఖీ బృందానికి ఉన్నదున్నట్టు రాశారు. వాళ్ళు తనిఖీని ఒక ఏడాది వెనక్కు పెట్టారు.

కౌన్సెలింగ్‌కు రెండు రోజుల ముందు ధ్రువపత్రం చేతికొచ్చింది. తండ్రి దాన్ని తిరగేసి మరగేసి నాకిచ్చి, “చదువు సారూ, పైకి” అన్నాడు. చదివాను. ‘దోర్లా’ దగ్గర ఆగి, నాలుక తిప్పి, సరిగ్గా పలికాను. అప్పుడు నవ్వాడు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ముగ్గురం టీ తాగాం. నా ఉద్యోగ జీవితంలో అంత తేలికపడ్డ రోజు మరొకటి లేదు. హోదా పోయింది, ఇంటర్నేషనల్ ఆగిపోయింది, టీ చల్లారిపోయింది. అయినా ఎంత బాగుందో చెప్పలేను.

తర్వాతి జూన్‌లో మేం అనుకోనిది జరిగింది. ఎప్పుడూ పిల్లల్ని పంపని ఊళ్ళ నుంచి కూడా చేర్పించడానికి వచ్చారు. ఏంటి విశేషమని ఒకాయన్ని అడిగితే, “మీ బళ్ళె తప్పు రాస్తె సారే లేచి చెప్తడంట గద” అన్నాడు. మేం అచ్చు వేయించిన రంగుల కాగితాల్లో ఆ ముక్క లేదు. మరుసటి ఏడాది గుర్తింపూ వచ్చింది. ఆ తనిఖీవాళ్ళు రేకుల షెడ్డు చూసి ఇదేమిటని అడిగితే కొత్త ప్రిన్సిపాల్ అమ్మగారు అడ్మిషన్ల గది అని చెప్పారు. నిజమే. ఇప్పటికీ అదే. మీరిప్పుడు కంప్యూటర్‌లో పేర్లు ఎక్కిస్తున్నారు. తెర మీద అక్షరం దిద్దితే ఇంకు మెరవదు, చుట్టు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. ఎక్కించే ముందు పైకి చదవండి. వాళ్ళు తల అడ్డంగా ఊపితే ఆగండి. అదొక్కటే నాకు తెలిసిన విద్య, అదీ ఆలస్యంగా వచ్చింది.

నేను మిగిలిన సర్వీసంతా ఒకటో తరగతికి చెప్పి రిటైరయ్యాను. రెండేళ్ళయింది. ఊళ్ళోనే ఉంటున్నాను. పోయిన నెల బీపీ చూపించుకుందామని మన డిస్పెన్సరీకి వెళ్ళాను. ఇప్పుడది నాలుగు మంచాల గది. తెల్ల కోటు వేసుకుని రెండు జడల పిల్ల, జడలు లేవనుకోండి, బల్ల దగ్గర కూర్చుని పెద్ద రిజిస్టర్ తెరిచింది. పెన్ను మూత తీసి నా వైపు చూసింది.

“సారూ, మీ పేరు ఒక్కొక్క అక్షరం చెప్పుండ్రి.”

“నా పేరు నీకు తెలీదా అమ్మా?”

“తెలుసు సారూ. అయినా చెప్పుండ్రి. తప్పు రాస్తె మళ్ళ గ్రామసభ పెట్టాలె.”

చెప్పాను. ఆమె రాసి, రిజిస్టర్ నా వైపు తిప్పి, పైకి చదివింది. నేను తల నిలువుగా ఊపాను.